ఏ పోలవరం?

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, రావులపాలెం సెంటర్లో హైవే పక్కనే మా తాతయ్యకి సోడా కొట్టుండేది. ఆయన దాన్ని హైవే అనేవారు కాదు, ట్రంకు రోడ్డు అనేవారు. ఇటు మద్రాసు, అటు కలకత్తా, మధ్యలో మనం అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ రోడ్డు మీది ఊళ్ళు నాకు వరసగా నేర్పింది ఆయనే. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, రాజమండ్రి, జగ్గంపేట, అన్నవరం, తుని... ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. సోడా తాగడానికొచ్చినవాళ్ళు పిట్ట కొంచెం కూత ఘనం అని నవ్వేవారు. పదేళ్ళ పిల్లకి అది నెత్తికెక్కకుండా ఉంటుందా? ఎవరే ఊరికి దారి అడిగినా తాతయ్య నోరు తెరిచేలోగా నేనే చెప్పేసేదాన్ని.

ఓ ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం పూట, తాతయ్య నన్ను కొట్లో కూర్చోబెట్టి భోజనానికి వెళ్ళారు. అప్పుడే నెల్లూరు వైపు నుంచి వైజాగ్ వెళ్ళే బస్సొచ్చి ఆగింది. ఒకావిడ కిటికీలోంచి సోడా అడిగింది. నేనందిస్తుంటే, "పోలవరం వెళ్ళాలంటే రాజమండ్రిలోనే దిగాలా అమ్మా?" అంది. వాళ్ళ నాన్నకి సీరియస్‌గా ఉందని టెలిగ్రాం వచ్చిందట. అన్నయ్యకి ఈమధ్యే అక్కడికి బదిలీ అయితే నాన్నని కూడా తీసుకెళ్ళాడట. తనెప్పుడూ ఆ ఊరు చూడలేదట. ఇంటి వెనకే కొండ ఉంటుందని అన్నయ్య ఉత్తరంలో రాశాడట.

నేను సగమే విన్నాను. "అయ్యో, రాజమండ్రి ఎందుకండీ! ఇక్కడే దిగిపోవాలి" అన్నాను. అమలాపురం వెళ్ళి, ముమ్మిడివరం దాటితే పోలవరం అని గడగడా చెప్పాను. పాపం, ఆవిడ హడావుడిగా సంచీ తీసుకుని దిగి, చల్లగా ఉండమ్మా అని నా బుగ్గ పుణికి, నేను చూపించిన అమలాపురం బస్సెక్కింది. పైగా నేను టాటా కూడా చెప్పాను.

తాతయ్య రాగానే నా ఘనకార్యం చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఏ పోలవరమే?" అన్నారు. నాకు తెలిసిన పోలవరం ఒక్కటే. ఇంకేమందని అడిగితే కొండ సంగతి చెప్పాను. తాతయ్య మొహం మాడిపోయింది. "కోనసీమలో కొండేంటే పిచ్చిపిల్లా! ఆవిడ వెళ్ళాల్సింది గోదావరి ఎగువనున్న పోలవరానికి!" అన్నారు. సరైన బస్సులో కూర్చున్న మనిషిని నేనే దింపేశాను.

ఆయన కొట్టు చెక్కలు పెట్టేసి, తెలిసినాయన కారు అడిగి, నన్ను కూడా ఎక్కించారు. ఆవిడ అమలాపురం బస్టాండులో ముమ్మిడివరం బస్సు కోసం చూస్తూ కనబడింది. తాతయ్య చేతులు జోడించి, మా పిల్ల తప్పు చెప్పిందమ్మా అన్నారు. ఆవిడ సంచీ మీదే కూలబడిపోయింది. నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్ళీ రావులపాలెం వచ్చి, గౌతమి పాయ దాటి, రాజమండ్రి మీదుగా వంతెనెక్కి కొవ్వూరు, అక్కడినుంచి గోదావరి గట్టు రోడ్డు. కొండలు కనబడగానే ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మేం వెళ్ళేసరికి వాకిట్లో జనం. ఆవిడ నాన్న గంట క్రితమే పోయారు.

వాళ్ళన్నయ్య ఆవిడ భుజాలు పట్టుకుని ఏడ్చాడు. "ఇంతసేపేంటే? మూడింటికల్లా వస్తావనుకున్నాం. నాన్న గుమ్మం వైపే చూస్తూ పోయాడే" అన్నాడు. తాతయ్య ఒక అడుగు ముందుకేసి, తప్పు మాదేనండి అని మొదలుపెట్టబోయారు. ఆవిడ చప్పున అందుకుంది. "బస్సు చెడిపోయిందన్నయ్యా. వీళ్ళే పాపం, కారులో తీసుకొచ్చారు." అలా అంటూ ఒక్కసారి నా వైపు చూసింది. నేను తాతయ్య పంచె పట్టుకుని ఆయన వెనక్కి నక్కాను. వాళ్ళన్నయ్య అంత ఏడుపులోనూ మాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తాతయ్యకీ పెట్టాడు, నాకూ పెట్టాడు.

నాకిప్పుడు నలభై దాటాయి. నా కోపం మా ఇంట్లో పేరుమోసింది. పిల్లలో, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళో తప్పుచేసి నా ముందు నిలబడితే ముందు నోటిదాకా వచ్చేది కోపమే. అప్పుడు ఆవిడ చూపు గుర్తొస్తుంది. నా వల్ల తండ్రి ఆఖరిచూపు దక్కని మనిషి, ఆ తండ్రి శవం ఎదురుగానే నిలబడి నన్ను కాపాడింది. కోపం మింగేసి, కూర్చోమంటాను. ఆరోజు నేనావిడకి తప్పయిందండీ అని ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.