ఉత్తుత్తి థాయ్‌లాండ్

మా వీధి పోతులయ్య ఏ పనైనా రెండుసార్లు చేస్తాడు. మొదటిసారి ఉత్తుత్తిగా, రెండోసారి నిజంగా. ఆ ఉత్తుత్తి పనికి ఆయన పెట్టుకున్న పేరు రిహార్సల్. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇళ్ళకు లెక్కలేదు గానీ ఇలాంటి మనిషి మాత్రం ఒక్కడే. ఆ ఒక్కడూ మా గోడ పక్కనే ఉన్నాడు. నా ఖర్మ.

కూతుర్ని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తారంటే, ముందురోజు నన్నూ నా భార్య సుధనూ పెళ్ళివారిగా కూర్చోబెట్టాడు. నేను రెండో మైసూర్‌పాకు అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా శేఖరూ, పెళ్ళికొడుకు నాయన అంత తింటాడా?"

"ఆకలైతే తినడా అన్నా?"

"రేపు ఆయన తింటే తిననీ. ఈపొద్దు నువ్వు బిగుసుకొని కూసోల్ల."

ఆయన భార్య పుట్టమ్మ వదిన కాఫీ గ్లాసులు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. ఆమె బ్యాంకులో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా అంతే. ఆయనే క్యాషియరై, ఇంటి కిటికీ వెనక కూర్చుని "టోకెన్ యాడమ్మా?" అని వీధంతా వినబడేలా గదమాయించాడు.

అలాంటి మనిషి పోయినేడు ఒక సాయంత్రం గోడ మీదుగా తల పెట్టి, "థాయ్‌లాండ్‌కు పోతాండాము. మీరిద్దరూ రావల్ల" అన్నాడు. "యాడో చిన్న దీవంట. కార్లుండవంట, సద్దుండదంట. సుట్టూ సముద్రమే."

సముద్రం చూడాలన్నది వదినకు చిన్ననాటి ఆశ. కానీ ప్రయాణమంటే హడలు. ఒకసారి చెన్నైకని బయలుదేరి, ప్లాట్‌ఫారం దాకా వచ్చి, జనాన్ని చూసి "మగ్గం మీద చీర ఉండాది" అంటూ ఇంటికి తిరిగిపోయింది. ఆ తర్వాతా ఎప్పుడు బయలుదేరినా అదే మాట. ఇక ఆమెను ఎక్కడికైనా రమ్మని పిలవడమే అందరూ మానేశారు.

"ఈసారన్నా అక్క కడదాకా వస్తుందా?" అంది సుధ.

"ఈయన రిహార్సళ్ళు మొదలుపెడితే నేనే రాను" అన్నాను.

మొదలుపెట్టనే పెట్టాడు. దీవిలో సద్దుండదు కాబట్టి ముందు నిశ్శబ్దం అలవాటు కావాలన్నాడు. తాడిమర్రి దగ్గర బంధువుల చీనీతోటకు తీసుకుపోయి బత్తాయి చెట్ల కింద కూర్చోబెట్టాడు. "దీవికొచ్చినాము. ఎవరూ మాట్లాడొద్దు" అన్నాడు. కాసేపటికి వదిన ముఖం పాలిపోయింది.

"ఏమయ్యా, ఎవరు పోయిరి?"

ఆమె తప్పేం లేదు. మా వీధిలో తెల్లారితే మగ్గాల చప్పుడే. ఎవరైనా చనిపోతే తప్ప అన్నీ ఒక్కసారిగా ఆగవు. పోతులయ్య గుండె మీద చెయ్యి వేసుకుని, "నాకూ అట్లే అనిపించిందే! గుండె దడదడా కొట్టుకొంటాంది" అన్నాడు. ఆమె పక్కకు జరిగి ఆయన వీపు రాసింది.

తర్వాత విమానం. తెలిసిన సుంకప్ప అనే రైతు ట్రాక్టర్ ట్రాలీలో కుర్చీలు కట్టించి, మా నడుములకు తువ్వాళ్ళను బెల్టుల్లా బిగించి, కనగానపల్లి వైపు చేల మధ్య బండిదారిలో తిప్పించాడు. సుధ ఎయిర్‌హోస్టెస్. పళ్ళెంలో బొరుగులు పంచబోతే అన్నీ నా నెత్తిన పడ్డాయి.

"విమానం ఊగుతాండాది! ఎవరూ లెయ్యొద్దు!" అని పోతులయ్య ఒకటే కేకలు.

చేలో కలుపు తీస్తున్నాయన నడుము ఎత్తి చూశాడు. "ఏమప్పా, యాడికి?"

"థాయ్‌లాండ్‌కు!"

"చెరువుకట్ట మీద పో, దగ్గరైతాది!"

ఇక పరాయి దేశం మిగిలింది. అగళిలో కన్నడం కూడా మాట్లాడతారని హిందూపురం మీదుగా అక్కడికి తీసుకుపోయి, ఒక టీ అంగడిని ఇమిగ్రేషన్ కౌంటరు అనుకోమని దాని ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టాడు.

"ఏను బేకు?" అని, ఏం కావాలో కన్నడంలో అడిగాడు అంగడాయన.

"విన్నారా, పరాయి భాష! కార్డులు తీయండి!"

వదిన ఆధార్ కార్డు చాచి, ఆయన నేర్పించినట్టే "హాలిడే" అంది. అంగడాయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "టీ తాగేకి గూడా ఆధార్ అడుగుతాండారా ఇప్పుడు?" అని కంగారు పడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. తిరిగొచ్చేటప్పుడు హిందూపురంలో ఆడవాళ్ళు పూలు కొనడానికి దిగగానే ఆయన్ను పట్టుకున్నాను.

"అన్నా, చీరల మూటలేసుకొని ఒక్కడివే ఢిల్లీకి విమానంలో పోయొచ్చినావు. అప్పుడు రిహార్సల్ చేయలేదే?"

"ఒక్కడికి ఎందుకప్పా?"

"మరి ఇప్పుడు ఈ భయమంతా యాడనుంచి వచ్చె?"

ఆయన పూలంగడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీ వదినకు భయమంటే సిగ్గుపడి ఇంట్లోనే కూసుంటాది. నాకు భయమంటే నాకు తోడొస్తాది. నోరు మూసుకొని నువ్వు గూడా రోంత భయపడప్పా."

పెళ్ళివారూ, బ్యాంకు కిటికీ అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆయన వేసిన ప్రతి రిహార్సల్‌లోనూ వదిన ఉంది. వీధివీధంతా ఆయన్ను చూసి నవ్వింది గానీ, ఆమెను చూసి నవ్వినవాడు లేడు. ఆ క్షణాన ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే నడిబజారులోనే కావలించుకునేవాణ్ణి. ట్రాక్టర్ దెబ్బకు నడుము ఇంకా పట్టేసి ఉండబట్టి ఆగాను.

ప్రయాణం రోజు రానే వచ్చింది. కారులో బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బయలుదేరాం. పెనుకొండ దగ్గర వదిన కారు ఆపించింది.

"నేను రాను. మగ్గం మీద చీర ఉండాది."

మగ్గం ఖాళీగా ఉందని మా అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. సుధ ముఖం తిప్పుకుంది. ఇంత చేసీ ఆమె సముద్రం చూడదేమోనని నాకు దిగులేసింది. దీనికి మాత్రం పోతులయ్య రిహార్సల్ చేయించలేదు.

ఆయన మెల్లగా కారు దిగి, రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు.

"మంచి మాట చెప్తివే. ఎనక్కి పోదాం. నాకు కాళ్ళాడ్డం లేదు."

"నాక్కూడా" అన్నాను, నాకు చేతనైనంత భయపడుతూ.

వదిన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"థూ, మీరేం మగోళ్ళయ్యా! ఈ మనిషి కోసం ట్రాక్టర్ ఎక్కి నడుము ఇరగ్గొట్టుకొంటి, అగళిలో పరువు తీసుకొంటి. ఇప్పుడు రాడంట! లెయ్. నేనుండా కదా!"

రెక్క పట్టి లేపి, ఆయన్ను కారులోకి తోసి తలుపు వేసింది. ఎయిర్‌పోర్టులోనూ, విమానంలోనూ ఆయన చెయ్యి వదిలితే ఒట్టు.

దీవి చేరిన మర్నాడు పొద్దున్నే సముద్రం దగ్గరికి పోయాం. వదిన చీర పైకి దోపి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఎంతసేపు చూసినా తనివి తీరనట్టు ఉండిపోయింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి మొగుణ్ణి పిలిచింది.

"అమ్మో, నేను రానే! ఈడ్చుకొని పోతాది!" అని పోతులయ్య ఇసకలో వెనక్కి వెనక్కి నడిచాడు. ఎండలో పడుకున్న తెల్లదొరలు లేచి కూర్చున్నారు. వదిన వచ్చి ఆయన్ను బరబరా నీళ్ళలోకి లాక్కుపోయింది. కాలి వేళ్ళు తడిస్తేనే ఆయన మునిగిపోతున్నవాడిలా కేకలు పెడుతుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆమె అటు తిరగగానే ఆయన నా వైపు చూసి గుర్రుమన్నాడు. "ఏమి చూస్తాండావప్పా? నువ్వు గూడా అరువు!"

అరిచాను. వదిన పరుగున వచ్చి నా చెయ్యి కూడా పట్టుకుంది.