గునపమ్మ విరగ్గొట్టిన కాలు

సెప్టిక్ ట్యాంకు పొంగిందని ఫోన్ చేసేవాళ్ళలో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలీదు. అందరికీ గునపమ్మే. పంపు లారీకి ఆవిడే డ్రైవరు, ఆవిడే మేస్త్రి. మూతలు లేపే గునపం ఎప్పుడూ సీటు పక్కనే ఉంటుంది. మూతలు లేపినందుకు వచ్చిన పేరు కాదు లెండి అది. ఆ గునపంతోనే సొంత మరిది కాలు విరగ్గొట్టింది, అందుకొచ్చింది.

విన్నవాళ్ళు "అమ్మో, అదేం మనిషి!" అని బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోరూ మరి! మొగుడు పోయిన గంటలోనే మొగుడి తమ్ముణ్ణి ఎముక బయటికొచ్చేలా కొట్టిన ఆడదాన్ని ఇంకేమంటారు? కానీ ముందూ వెనకా తెలీకుండా వాగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే చెబుతున్నా, వినండి.

అప్పట్లో పని ముగ్గురిదీ. మొగుడు, ఆవిడ, మరిది. ఆ రోజు వెళ్ళిన ఇంట్లో పదేళ్ళుగా ట్యాంకు మూత తెరిచిన పాపాన పోలేదు. వంటింటి నూనె, గుడ్డపీలికలు, చిన్నపిల్లల డైపర్లు, ఒకటని లేదు, అన్నీ అందులోకే. నీళ్ళు లాగాక పంపు దగ్గి దగ్గి ఆగిపోయింది. అడుగున మడ్డి బురదలా గట్టిపడి ఉంది. కాస్త మడ్డి మిగిలితే ఏ ట్యాంకూ చచ్చిపోదు. కానీ ఈ పనిలో ఒక దిక్కుమాలిన అలవాటుంది: ఇంటాయన టార్చి వేసి చూస్తే అడుగు కనబడాలి. అడుగు చూపించనివాడు పని రానివాడు. ఆ ఇంటాయనా అదే పట్టు పట్టాడు.

మొగుడు మూత దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశాడు. అంతదాకా ముక్కు బద్దలు కొట్టిన వాసన ఒక్కసారిగా మాయమైంది. "వాసన పోయిందే, ఇంక లోపల విషపు గాలి లేనట్టే" అని నిచ్చెన దింపాడు. ఈ పనిలో పుట్టి పెరిగినవాళ్ళు చేసే తప్పే అది. పోయింది గాలి కాదు, ఆయన ముక్కు. ఆ గాలి మనిషిని చంపే ముందు ముక్కుని చంపుతుంది. నాలుగు మెట్లు దిగాడో లేదో, కెవ్వుమనకుండానే పడిపోయాడు.

"అన్నా!" అంటూ మరిది ఉరికాడు.

"ఆగు!" అని ఆవిడ వాడి చొక్కా పట్టుకుంది. వాడు మోచేత్తో మూతి మీద పొడిచాడు. పెదవి చిట్లి రక్తం కారింది. వాడి కాలొకటి అప్పటికే కన్నంలో ఉంది. ఆవిడ చేతికి గునపం దొరికింది. రెండు చేతులా ఎత్తి, బయటున్న కాలి మీద, మోకాలికి కింద వేసింది. ఫట్‌మన్న చప్పుడు వీధి చివరిదాకా వినబడిందంటారు. వాడు గచ్చు మీద పడ్డాడు. పడ్డా ఆగితేనా! చేతులతో పాక్కుంటూ మళ్ళీ కన్నం వైపే. ఆవిడ వాడి వీపు మీద ఎక్కి కూర్చుంది. జుట్టు పిడికిట పట్టి మొహాన్ని గచ్చుకేసి అదిమింది. తనని లాగబోయిన ఇంటాయన చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. ఫైరింజను వచ్చేదాకా లేవలేదు.

మాస్కులు పెట్టుకున్నవాళ్ళు శవాన్ని పైకి తెచ్చారు. స్ట్రెచరు మీద నుంచి మరిది ఆవిడ మొహాన ఉమ్మేశాడు. "మా అన్న బతికే ఉన్నాడు. నేను దిగితే లేపేవాణ్ణి. నువ్వే చంపావు."

తొమ్మిదేళ్ళు వాడు ఆ ఇంటి గడప తొక్కలేదు. కుంటుకుంటూ పోయి, మనిషిని దింపి అడుగు చూపిస్తామని గోడల మీద రాయించుకునే కంపెనీలో చేరాడు. ఎవరి మీద కసో వేరే చెప్పాలా?

ఇక ఆవిడ! చెయ్యి ముందు, మాట తర్వాత. "మీరు దిగకపోతే దిగే కంపెనీని పిలుస్తా" అన్న పెద్దమనిషిని మెడ పట్టి మూత దగ్గరికి ఈడ్చుకెళ్ళి వంచింది. "ముందు మీరు దిగి చూపించండి సారూ, చూసి నేర్చుకుంటా!" ఆయన గిలగిల్లాడాడు. పోలీసులు ఆవిణ్ణి రెండుసార్లు స్టేషన్లో కూర్చోబెట్టారు. అక్కడ కూడా ఎస్సైకి పాఠం చెప్పింది: "మీ ఇంటికైనా సరే, ఫోనెత్తగానే రేటు అడక్కండి. మనిషిని దింపుతావా అని అడగండి. దింపుతానంటే ఫోన్ పెట్టేయండి. గాలి కొలిచే మిషనుందా, లాగింది ఎక్కడ పారబోస్తావు, లైసెన్సు చూపించు, ఇవీ అడగాల్సినవి. మూడేళ్ళకోసారి లాగించండి. మూత మీద టైల్స్ వేసి పూడ్చారో, పగలగొట్టడానికి నేనే వస్తా."

ఇంత నోరున్న మనిషి, కాలు సంగతి ఎత్తితే మాత్రం మూగదైపోయేది. మరిది మాట నిజమేమోనన్న భయం ఆవిణ్ణి లోపల్లోపల కొరుక్కుతినేది. ఒక్కసారి వాడొచ్చి "వదినా" అంటే చాలని ప్రాణం కొట్టుకునేది.

మొన్న మధ్యాహ్నం వాకిట్లో గొట్టం కడుగుతుంటే వాడొచ్చాడు. చొక్కా నిండా రక్తం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాత పగ తీర్చుకోవడానికే వచ్చాడనుకుని గునపం అందుకుంది.

"కొట్టు వదినా" అన్నాడు. "పొద్దున నేనూ కొట్టొచ్చాను."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"మా మేస్త్రి వాసన పోయిందని దిగాడు. వద్దన్నా వినలేదు. పడిపోయాడు. వాళ్ళ తమ్ముడు దూకబోయాడు. పైపు రెంచీతో మొహం మీద కొట్టాను. పళ్ళు రాలాయి. అయినా లేచాడు. మళ్ళీ కొట్టాను. ఇంక లేవకుండా కొట్టాను వదినా."

"మేస్త్రి?"

"పోయాడు."

"తమ్ముడు?"

"ఆస్పత్రిలో ఉన్నాడు, బతుకుతాడు. నువ్వే చంపావన్నాడు నన్ను." తలెత్తి అడిగాడు. "ఆ రోజు నేను దిగుంటే అన్నని లేపేవాణ్ణా?"

"తెలీదురా" అందావిడ. "ఒట్టు, తెలీదు. అప్పటికింకా ఊపిరుందేమో."

"మరెందుకు కొట్టావు?"

"ఆయన నా చేతికి అందలేదు. నువ్వందావు."

వాడు గచ్చు మీద కూలబడి భోరుమన్నాడు. ఆవిడ వంగి, రెక్క పట్టి లేపి, చెంప ఛెళ్ళుమనిపించింది. "ఇది ఉమ్మినందుకు" అంది. తర్వాత కొంగుతో వాడి మొహం తుడిచింది. అంతసేపూ ఆవిడ కళ్ళు కూడా కారుతూనే ఉన్నాయి.

"ఏ ఆస్పత్రి?" అని అడిగింది.

"ఎందుకు?"

"పద. వాడు తిడతాడు, ఉమ్ముతాడు. ఎదురుగా నిలబడాలి. రేపూ వెళ్ళాలి, ఎల్లుండీ వెళ్ళాలి. నువ్వు తొమ్మిదేళ్ళు తీసుకున్నావు, వాడెన్నేళ్ళు తీసుకుంటాడో."

లారీ తలుపు తీసి, గునపం సీటు పక్కన పెట్టింది. మరిది కుంటికాలు చేత్తో ఎత్తిపెట్టుకుని ఎక్కాడు. సీటు పక్కనున్న గునపాన్ని ఒళ్ళోకి తీసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.