దుమ్ము లేని నెత్తురు

నా బావమరిది పేరు అమాతో. తాపీ మేస్త్రీ. పొట్టి మనిషి, పెద్ద చేతులు. పెళ్ళిళ్ళలో తాగితే పాడేవాడు, తాగకపోయినా పాడేవాడు. భార్య అస్సుంతా, ఒక్కతే కూతురు మిలేనా. ఆ పిల్ల ‘నాకు సొంత గది కావాలి నాన్నా’ అని గొడవపెడితే తాతలనాటి రాతి ఇంటి మీద ఇంకో అంతస్తు లేపి, పైన కాంక్రీటు కప్పు వేశాడు. ఆ రోజుల్లో మా దక్షిణ ఇటలీ కొండల్లో అందరూ అలాగే వేసుకుంటున్నారు. గదికి పసుపు రంగు వేసిన రోజు ఊళ్ళో కనబడ్డవాళ్ళందర్నీ పిలిచి చూపించాడు.

ఎనభయ్యో సంవత్సరం, నవంబరు నెల, ఆదివారం సాయంత్రం. నేనూ వాడూ బార్లో కూర్చుని టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాం. బల్ల మీద గ్లాసులు నడవడం మొదలుపెట్టాయి. పడుతూ లేస్తూ వీధిలోకొచ్చేసరికి సగం ఊరు లేదు.

అమాతో కూలిన తన ఇంటిని చేతులతోనే తవ్వాడు. గోళ్ళు ఊడిపోయాయి. అస్సుంతా శవం దొరికింది. ఒంటి మీద నెత్తురు చుక్క లేదు, జుట్టూ రెప్పలూ పెదాలూ అంతా బూడిద రంగు దుమ్ము. మర్నాడు వాణ్ణి బలవంతంగా పక్కకి తీసుకెళ్ళి నాలుగు గుక్కలు సూపు తాగిస్తుంటే, సైనికులు మిలేనాని తీశారు. వాడు పరుగెత్తాడు. ఆఫీసరు అడ్డం నిలబడి, “మీరు చూడొద్దు” అన్నాడు. ఫాదర్ గారు భుజం పట్టుకుని, “చూడకు నాయనా, పిల్ల నవ్వు మొహమే గుర్తుపెట్టుకో” అన్నారు. వాళ్ళక్క మఫాల్దా, అంటే నా భార్య, వాడి తలని తన గుండెలకేసి అదిమి పట్టుకుంది, కదలనివ్వలేదు. వాడు తల ఎత్తేసరికి పెట్టెకి మేకులు కొట్టేశారు.

ప్రభుత్వం ఫుట్‌బాల్ మైదానంలో రేకుల గదులు వేసింది. పక్కపక్క గదుల్లోనే ఉండేవాళ్ళం. నేను నా మంగలి కొట్టు మళ్ళీ ఓ రేకుల గదిలోనే తెరిచాను. ఊరంతా కట్టుకోవాలి, మేస్త్రీల కోసం జనం కొట్టుకుంటున్నారు. అమాతో మాత్రం మళ్ళీ తాపీ ముట్టుకోలేదు.

ఒక గురువారం మందుల కోసం అవెల్లీనో పట్నానికెళ్ళి, వాన పడుతుంటే ఓ సినిమా హాల్లో దూరాడట. అప్పట్నుంచి ప్రతి గురువారం బస్సెక్కేవాడు. ఏం సినిమాలో తెలిశాక మఫాల్దా వాడి గదిలోకి వెళ్ళి తలుపేసింది. రేకు గోడ కదా, మాటలన్నీ వినబడ్డాయి.

“ఆ పేగులు బయటికొచ్చే సినిమాలకా నువ్వెళ్ళేది? నీ ఇంట్లో జరిగింది చాల్లేదట్రా?”

“బానే ఉంటాయక్కా.”

“బానే ఉంటాయా! నీకేం పట్టిందని ఫాదర్ గారు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావ్?”

“దెయ్యం పట్టిందని చెప్పు. ఆయన నమ్ముతాడు.”

తర్వాతి గురువారం నన్ను వాడి వెంట పంపింది.

హాలంతా తడిసిన కోట్ల వాసన, సిగరెట్ల పొగ. సగం మంది కాలేజీ కుర్రాళ్ళు. ఏదో కన్యకల మఠాన్ని హోటలుగా మారుస్తారు, వంటింటి కింద పాతిపెట్టిన సన్యాసినులు లేచొస్తారు, అదీ కథ. వంటవాడి చెయ్యి మాంసం ఆడించే మిషన్లోకి పోయింది. ఇంకో డైరెక్టరైతే తలుపు వైపో కిటికీ వైపో చూపించి ఊరుకుంటాడు. ఇతగాడు అక్కడే ఉండిపోయాడు. ఒక వేలు, ఇంకో వేలు. నెత్తురు ఎంత ఎర్రగా ఉందంటే, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, అందంగా ఉంది. కుర్రాళ్ళు “ఇంకోటి! ఇంకోటి!” అని చప్పట్లు. అమ్మాయిలు పక్కవాళ్ళ భుజంలో మొహం దాచుకుని కేకలు పెడుతూనే వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నారు. నేనూ చూపు తిప్పుకోలేకపోయాను. అమాతో అరవలేదు, నవ్వలేదు. ముందుకి వంగి, చిన్న అక్షరాలు చదివేవాడిలా కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

చివర్లో ఓ అమ్మాయి నేలమాళిగలో ఇరుక్కుంటే పైకప్పు కూలి మీద పడింది. అమాతో దిగ్గున లేచాడు.

“దుమ్మేదిరా?” అని గట్టిగా అరిచాడు. “దుమ్ము లేకుండా కప్పెలా పడుతుంది?”

“కూర్చోవయ్యా పెద్దాయనా!”

“ఇంటికెళ్ళి మీ ఆవిడ చేత దులిపించుకో!”

హాలంతా గొల్లుమంది. కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను. “ఎందుకురా నీకివి?”

“ఆ రోజు అందరూ చూడొద్దన్నారు బావా. ఇక్కడ ఒక్కడూ అనడు. దగ్గరికి తెచ్చి మరీ చూపిస్తారు. నేను చూళ్ళేదుగా, అందుకని రోజుకో రకంగా కనబడుతుంది. ఒకరోజు మొహం ఉండదు. ఒకరోజు చేతులు ఉండవు. ఏదో ఒకటి అని తేలిపోతే బావుణ్ణు. ఈ సినిమాల్లో ఏదో ఒకటి దానిలా ఉంటుందేమో, చూడగానే ఇదే అని తెలుస్తుందేమో అని వస్తాను.”

బస్సొచ్చింది, ఎక్కాం.

ఆ ఎండాకాలం రోముకెళ్దామన్నాడు. ఇలాంటి సినిమాలకి తెగిన తలలూ చేతులూ చేసే ఆయన షెడ్డు ఎక్కడుందో హాల్లో ప్రొజెక్టరు నడిపే అతను చెప్పాడట. ఒంటరిగా పంపొద్దని మఫాల్దా నన్నూ తోలింది. వాడు పెళ్ళినాటి సూటు తొడుక్కున్నాడు.

ఊరి చివర రేకుల షెడ్డు. అరల నిండా తలలు, బకెట్లలో ఎర్రటి పాకం. ఆయన పేరు ఏత్తోరే. మణికట్ల దాకా ఎర్రటి చేతులతోనే బ్రెడ్డూ ఆమ్లెట్టూ తింటున్నాడు. మమ్మల్ని చూసి హుషారుగా, “రండి రండి, ఏ సినిమాకి? ఎంతమంది చావాలి?” అన్నాడు.

అమాతో జేబులోంచి మిలేనా ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. తెల్ల గౌనులో, తలమీద పూలతో, చర్చిలో తీసిన ఫొటో.

“మా అమ్మాయండీ. భూకంపంలో కాంక్రీటు కప్పు మీద పడింది. నన్ను చూడనివ్వలేదు. ఎలా ఉండి ఉంటుందో చేసి చూపించండి.”

ఏత్తోరే చేతిలోది కింద పెట్టాడు. చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“సినిమాకైతే ఎవరినైనా చేస్తాను. తండ్రికి చెయ్యను బాబూ.”

“మీకు తెలుసు కదండీ ఎలా ఉంటుందో. ఒక్కసారి చూస్తాను, చాలు.”

“ఏం తెలుసు నాకు!” ఆయన గొంతు పెరిగింది. “శవాన్ని నేనెప్పుడూ చూళ్ళేదయ్యా. మా అమ్మ పోయినప్పుడు ఆ గదిలోకి కూడా వెళ్ళలేదు, నాకు భయం. ఇదంతా కసాయి కొట్టు చూసి చేసేది. జనం అరవాలి, ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినాలి, అంతే.”

అమాతో అరల వైపు చూశాడు. ఒక తల దగ్గరికెళ్ళి, చెంప మీద వేలితో నొక్కాడు. రబ్బరు లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చింది. ఫొటో జేబులో పెట్టుకుని, “మీ భోజనం చెడగొట్టాను, ఏమనుకోకండి” అన్నాడు.

తిరుగు రైల్లో కస్సీనో ఊరు దాటాక ఒక్కమాటే మాట్లాడాడు. “వాడికీ తెలీదు బావా.”

ఆ తర్వాత సినిమాలు మానేశాడు. మఫాల్దా మరియమ్మకి కొవ్వొత్తులు వెలిగించింది. తమ్ముడు బాగుపడ్డాడనుకుంది. గురువారం పొద్దున గడ్డం గీసుకుని, కోటేసుకుని, బస్సు వెళ్ళిపోయేదాకా మంచం మీద కూర్చునేవాడు. కొన్నాళ్ళకి గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు. నేనే కత్తి పట్టుకెళ్ళి గీసేవాణ్ణి. “సినిమాకి పోదాం రారా, నేనొస్తా” అని పిలిచాను కూడా. “అంతా రబ్బరు బావా” అన్నాడు.

ఒకరోజు మఫాల్దా పాస్తా కలుపుతూ కలుపుతూ ఆపేసి నన్నడిగింది. “చూడనిచ్చి ఉంటే బాగుపడేవాడంటావా?”

“ఏమో.”

“నేను చూశానండీ ఆ పిల్లని. వాడిలాంటివాడు చూసి తట్టుకునేది కాదు.” పళ్ళెం తీసుకుని పక్క గదికి వెళ్ళిపోయింది.

కొత్త ఇళ్ళు తయారయ్యాయి. వాడికీ ఒకటొచ్చింది, రెండు గదులు, బాల్కనీ. తలుపు దగ్గర నిలబడి పైకప్పు చూసి, వెనక్కి తిరిగి నడుచుకుంటూ వచ్చేశాడు. జనమంతా వెళ్ళిపోయారు, మేమూ వెళ్ళాం. మైదానంలో వాడొక్కడే మిగిలాడు. మఫాల్దా రోజూ క్యారియర్ పట్టుకెళ్ళేది, నిన్నటిది అలాగే ఉంటే తిట్టుకుంటూ తెచ్చేది.

ఓ ఫిబ్రవరిలో మంచు బాగా పడింది. ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. ఆసుపత్రికి రానన్నాడు. ఎత్తుకుని బండెక్కించాం, దారిలోనే పోయాడు. యాభై కూడా నిండలేదు. నెల తిరక్కుండా మున్సిపాలిటీ వాళ్ళొచ్చి ఆ ఆఖరి రేకుల గది పీకేశారు.