పక్క సెంటు స్థలం

ప్రభుత్వం మారగానే మా కాలనీ ముఖద్వారం దగ్గరికి ఒక పెయింటరు నిచ్చెనతో వచ్చాడు. పాత పేరు మీద సున్నం కొట్టి కొత్త పేరు రాశాడు, స్తంభాల రంగు కూడా మార్చాడు. కుళాయి మాత్రం మారలేదు. మొదటినుంచీ లేనిది ఎలా మారుతుంది?

అనకాపల్లి నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో, ఒకప్పటి చెరుకు పొలాల్లో, పాత ప్రభుత్వం ఆడవాళ్ళ పేరున తలా సెంటు చొప్పున ఇచ్చిన స్థలాలివి. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అంతకుముందు అనకాపల్లి పెద్ద బజారు వెనక సందులో, ఒక బెల్లం షావుకారు కట్టించిన వరసగదుల్లో ఇరవై రెండేళ్ళు అద్దెకున్నాను. పక్కగదిలో జాకెట్లు కుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. నాకంటే కాస్త పెద్ద, అందుకని అక్కా అనేదాన్ని. ఆవిడకీ భర్త లేడు. ఒక్క కూతురికి పెళ్ళిచేసి పరవాడ పంపింది. నా కూరలో ఉప్పెక్కువైందని నా మొహం మీదే చెప్పి బతికి బయటపడ్డ మనిషి ఆవిడొక్కతే.

స్థలాలకి లాటరీ తీసిన రోజు నాకొక మూల, ఆవిడకి రోడ్డు పక్కన వచ్చాయి. ఆవిడ చీటీ చేత్తో పట్టుకుని ఎండలో తిరిగి తిరిగి, నా పక్క స్థలం వచ్చినామెని వెతికి పట్టుకుంది. "రోడ్డు పక్క బిట్టు నువ్వు తీసుకో తల్లీ, మా టీచరమ్మ పక్కది నాకిచ్చీ" అని బతిమాలింది. మార్చుకోడానికి వీల్లేదని అధికారి గసిరాడు. చివరికి ఇద్దరి సంతకాలూ పెట్టించుకుని సరే అన్నాడు. రోడ్డు పక్క స్థలాన్ని చేతులారా వదులుకున్న మనిషిని ఆవిణ్ణి తప్ప నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇళ్ళు మొదలుపెట్టాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడెవడో ప్రభుత్వం బిల్లుతో ఇల్లు కట్టి ఉండడు. కట్టి ఉంటే పెళ్ళి ఊసెత్తేవాడే కాదు. పునాదికో ఫొటో, లింటెల్‌కో ఫొటో, స్లాబుకో ఫొటో. ఫొటో పడితేగాని బిల్లు పడదు. నేను మెళ్ళో గొలుసు అమ్మి స్లాబు వేయించుకున్నాను. ఆవిడకి అమ్మడానికేమీ లేదు. ఇల్లు లింటెల్ దగ్గర ఆగిపోయింది.

అప్పుడే ఊళ్ళో అద్దెలు పెరిగాయి. పరవాడ కంపెనీల్లో పనికి ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి గదికి నలుగురు చొప్పున దిగుతున్నారు. ఊరు ఎదుగుతోందని అందరూ సంతోషించారు. షావుకారు వచ్చి "వచ్చే నెల నుంచి అద్దె కొంచెం పెంచుదామమ్మా" అనేదాకా నేనూ సంతోషించాను. ఆయన నెమ్మదిగానే అడిగాడు. "మీ గదులు మీరే ఏలుకోండి, నాకు సొంతిల్లుంది" అన్నాను నేను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి సంగతి మా స్కూలు పిల్లల్ని అడిగితే చెబుతారు.

ఆ సాయంత్రం అక్క నా గదికి వచ్చింది. "అంత కోపం ఏటి టీచరమ్మా? ఆరు నెల్లు ఓర్సుకో. నా స్లాబు పడ్డాక ఇద్దరం ఒకేపాలి ఎల్దాం" అంది.

"నీ స్లాబు పడేసరికి నాకు పళ్ళూడిపోతాయి" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఇంతలో అధికారులు ఒక మంచిరోజు చూసి, పూర్తయిన ఇళ్ళన్నిటికీ ఒకేసారి గృహప్రవేశాలన్నారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. ఒక్క ముహూర్తానికి వీధంతా పాలు పొంగాయి. అక్క నా పొయ్యి దగ్గరే కూర్చుంది. పాలు తూర్పుకి పొంగాయని నాకంటే ముందు ఆవిడే కేకేసింది. సాయంత్రానికి షామియానా విప్పేశారు. నీళ్ళు లేవు, కరెంటు మీటర్లు రాలేదు. జనం తాళాలు వేసుకుని మళ్ళీ అద్దె గదులకి పోయారు.

పాలు పొంగించిన ఇంట్లో మూడు నిద్రలు చెయ్యాలని మా అమ్మ చెప్పేది. చేశాను. నాలుగోనాడూ అక్కడే ఉన్నాను. తిరిగి వెళ్దామన్నా గది లేదు, షావుకారుకి తాళంచెవి ఇచ్చేసి వచ్చాను. అడిగినవాళ్ళకి మాత్రం ఆచారం పేరు చెప్పాను.

ప్రభుత్వం మారింది ఆ తరవాతే. పాత బిల్లులు పరిశీలించాలన్నారు, పనులు ఆగాయి. నాకు మీటరొచ్చింది, పక్కవాళ్ళు రాలేదు. వారానికి రెండుసార్లు నీళ్ళ ట్యాంకరు వస్తుంది. డ్రైవరు హారన్ కొడితే వీధి మొత్తానికి బిందెతో బయటికొచ్చేది నేనొక్కదాన్నే.

"ఒక్క మనిసి కోసం ఇంత దూరం రావాల్సొత్తంది మామ్మా" అని అతను విసుక్కుంటాడు. నాకు యాభై రెండేళ్ళు. మామ్మా అన్నందుకు ఒకప్పుడైతే దులిపి వదిలిపెట్టేదాన్ని. ఇప్పుడు, ఎక్కడ బండి తీసేస్తాడోనని, "టీ తాగుతావా బాబూ" అంటాను.

రంజాన్ మర్నాడు అక్క సేమియా పాయసం డబ్బాలో పెట్టి స్కూలుకి పంపింది. ఇంటికి తెచ్చేసరికి ముద్దకట్టింది. ఒకప్పుడు నోరు కాలేంత వేడిగా అందేది. డబ్బా గోకి మరీ తిని, కూర్చుని ఏడ్చాను. తరవాత ఆవిడ మీద కోపం వచ్చింది. కూతుర్నడిగో, ఎవర్నడిగో ఆ స్లాబు వేయించుకుని రావచ్చు కదా అనుకున్నాను. మాటిచ్చి తప్పింది ఆవిడే అయినట్టు నెలల తరబడి మనసులో సాధించాను.

మొన్నొక ఆదివారం ఆవిడే ఆటో దిగింది. ముందు తన మొండిగోడల వైపు చూసింది. లోపల తుమ్మమొక్కలు నడుమెత్తు పెరిగాయి. తరవాత మా ఇంట్లోకి వచ్చి కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీసింది.

"ఓ అర్జీ రాసిపెట్టు టీచరమ్మా. ఇల్లు కట్టనోళ్ళు ఈ బిట్టు తిరిగిచ్చేత్తే, పరవాడ వేపు కొత్త లేఅవుట్లో రెండు సెంట్లు ఇత్తారంట. అమ్మాయికి దగ్గరవుద్ది."

"అంత బతిమాలి తీసుకున్నావు కదక్కా" అన్నాను.

"తీసుకున్నాను" అంది.

కాగితం ముందు పెట్టుకుని ఆర్యా అని మొదలుపెట్టాను. ఆవిడ పేరు, పట్టా నంబరు, స్థలం ఎక్కడుందో రాశాను. కారణం దగ్గర కలం ఆగింది. "ఏం రాయమంటావు? బిల్లు రాలేదనా, స్లాబు పడలేదనా?"

"స్లాబు ఇయ్యాల కాపోతే రేపు పడుద్ది. నువ్వెళిపోయేక నీ గదిలో నలుగురు కంపెనీ కుర్రోళ్ళు దిగేరు. మంచోళ్ళే. నాకు జొరమొచ్చి రెండ్రోజులు తలుపు తియ్యకపోతే ఎవులూ తట్టలేదు టీచరమ్మా. మూడోనాడు అమ్మాయొచ్చి తీసుకుపోనాది. మనిసి లేకుండా నాను ఉండలేనని అప్పుడు తెలిసింది." నా ఇల్లంతా ఒకసారి కలయజూసింది. "నువ్వుండగలవు."

నేనూ ఉండలేకపోతున్నానక్కా అంటే, ఆ కాగితం అక్కడికక్కడే చింపి, ఆ తుమ్మమొక్కల మధ్యకైనా వచ్చేసేది. ఆవిడ సంగతి నాకు తెలుసు. నేను అనలేదు. 'కుమార్తె వద్ద నివసించవలసినందున' అని రాసి, సంతకం పెట్టమని కాగితం ఆవిడ వైపు తిప్పాను.