కరపత్రంలో మాత్రమే ఉన్న గ్రూపు

డిగ్రీలో ఫిలాసఫీ చదివానని చెబితే చాలామంది మొదట నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. నవ్వేవాళ్ళని ఎప్పుడో వదిలేశాను. జాలిపడేవాళ్ళని చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వేరే సీటు దొరక్క, ఖర్మ కాలి అందులో పడ్డాననుకుంటారు. కాదు మహానుభావులారా! ఆ సీటు కోసం నేను పోట్లాడాను. ఉందని నమ్మించి, నా టి.సి. పట్టుకుపోయి, తీరా చేరాక లేదన్నారు. లేని గ్రూపుని ఉండేలా చేయించుకున్నాను. తలుచుకుంటే గర్వం రావాలి కదా. రాదు. కోపమే వస్తుంది.

మాది కొల్లేరు అంచున, గణపవరం దాటి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. నేను ఇంటర్ మొదటి ఏడు పరీక్షలు రాసిన వేసవిలో కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు తెగ్గొట్టారు. మా నాన్నకి వాటా ఉన్న చెరువూ అందులో పోయింది. "ఇదేం న్యాయమండీ" అని ఊళ్ళో మగవాళ్ళందరూ కిళ్ళీకొట్టు దగ్గర చేరి ఒకటే గోల. మా అమ్మ పుట్టిల్లు గణపవరం పక్కన. వాళ్ళవి వరి చేలు. అక్కడికి వెళితే మా మావయ్య, "మీ గట్లు అడ్డుపడి మా చేలు మునిగినప్పుడు ఎక్కడికి పోయిందే ఈ న్యాయం?" అనేవాడు. నాన్న చెప్పిందీ నిజమే, మావయ్య చెప్పిందీ నిజమే. రెండు నిజాలకి ఒకదానితో ఒకటి పడనప్పుడు ఏం చెయ్యాలో చెప్పే మనిషి మాత్రం రెండు ఊళ్ళలోనూ లేడు. నేను అడిగితే, నీకెందుకే అన్నారు. మా మామ్మయితే, "దాని నోట్లో నోరు పెట్టకండర్రా, అన్నం సహించదు" అంది.

ఇలాంటి ప్రశ్నల కోసమే ఒక చదువు ఉందని నాకు చెప్పింది మా ఇంటర్ కాలేజీలో లాజిక్ చెప్పే మేడం. డిగ్రీలో ఫిలాసఫీ తీసుకో, ఏలూరులో ఒక కాలేజీలో ఉంది, అంది. ఇక ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఇంట్లో కూడా మెల్లగా ఒప్పించాను. ఏలూరు హాస్టల్లో ఉండాలి, అదొక్కటే అమ్మకి గుబులు.

వేసవి వచ్చిందంటే మా వైపు ఊళ్ళలోకి డిగ్రీ కాలేజీల లెక్చరర్లు దిగేవారు. మోటారు సైకిలు మీద ఇద్దరిద్దరు, చేతినిండా రంగురంగుల కరపత్రాలు. ఇంటర్ పాసైన పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో మా వీధివాళ్ళకంటే వాళ్ళకే బాగా తెలుసు. కూర్చుంటారు, టీ తాగుతారు, పిల్ల చురుకైందండీ అంటారు, టి.సి. సంచిలో వేసుకుంటారు. టి.సి. ఎవరి బీరువాలో ఉంటే పిల్ల ఆ కాలేజీది. తర్వాత మనసు మారి వేరేచోట చేరదామంటే మూడేళ్ళ ఫీజూ కట్టి తీసుకుపొమ్మంటారు. దీన్ని క్యాన్వాసింగ్ అని పెద్ద ఉద్యోగంలా చెప్పుకునేవారు. చేపలకి వల వేసేవాళ్ళం మేము, మాకే వల వేశారు.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మేస్టారు మాత్రం మిగతావాళ్ళలా కనపడలేదు. బక్కపలచగా, నెరిసిన జుట్టుతో, మెత్తగా మాట్లాడుతూ ఉన్నాడు. ఆయన గురించి "ఉన్నారు" అని రాయాలని తెలుసు. రాయను. "ఏం చదవాలనుందమ్మా?" అని నాన్నని కాదు, నన్ను అడిగాడు. ఆ ఒక్కదానికే నేను పడిపోయాను. ఫిలాసఫీ అనేసరికి ఆయన మొహం చేటంతయింది.

"నేను చెప్పేది అదేనమ్మా! ఏలూరు దాకా ఎందుకు? మన గూడెంలోనే ఉంది. ఇంటి నుంచి బస్సులో వచ్చి వెళ్ళొచ్చు," అంటూ కరపత్రంలో వేలు పెట్టి చూపించాడు. బి.ఎ., స్పెషల్ తెలుగు, చరిత్ర, తత్త్వశాస్త్రం. నేను ఊరుకుంటానా, చెరువుల గొడవంతా చెప్పి, ఎవరిది న్యాయమండీ అని అడిగేశాను. "ఎవరిది న్యాయమని అడిగే ముందు న్యాయమంటే ఏమిటో అడగాలమ్మా. అక్కడి నుంచే మన పాఠం మొదలు," అన్నాడు. ఇంతకాలానికి నా ప్రశ్నని ప్రశ్నగా విన్న మనిషి దొరికాడని నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది.

అమ్మ కొరమీను పులుసుతో అన్నం పెట్టింది. వద్దు వద్దంటూనే మారు వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక నాన్న లోపలికి వెళ్ళి నా టి.సి. తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "రసీదు ఇస్తారాండీ?" అని నేను అడిగాను. నాన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "మనింట్లో అన్నం తిన్న మనిషిని రసీదు అడుగుతావేంటే? తప్పు!" అన్నాడు. మా వైపు అంతే. చెరువుల్లో వాటాలే నోటిమాట మీద నడిచేవి. మన విస్తట్లో తిన్నవాడి దగ్గర కాగితం అడిగితే ఆ మనిషిని దొంగ అన్నట్టే. మేస్టారు తల వంచుకుని టి.సి. సంచిలో పెట్టుకున్నాడు. మొహమాటపడుతున్నాడనుకున్నాను. పిచ్చిదాన్ని.

కాలేజీ తెరిచాక మొదటి రోజు ఉల్లిపాయల లారీల మధ్య నుంచి నడుచుకుంటూ, బస్టాండు నుంచి కాలేజీకి వెళ్ళాను. టైంటేబుల్ బోర్డులో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఫిలాసఫీ లేదు. ఆఫీసులో గుమాస్తాని అడిగితే, "అదెక్కడిదమ్మా, ఎప్పుడో తీసేశాం. కరపత్రం పాత అచ్చు. నిన్ను కంప్యూటర్స్‌లో వేశాం, సంతోషించు" అన్నాడు. ఏదో లడ్డూ అడిగితే జిలేబీ ఇచ్చినట్టు చెప్పాడు!

ఆ కంప్యూటర్ల గది వైభోగం కూడా చెప్పాలి. గుమ్మం బయట చెప్పులు విప్పాలి. లోపల మెషీన్ల మీద పూల గుడ్డలు కప్పి ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు సార్ ఒక గుడ్డ తీసి, "దూరం నుంచి చూడండి, ముట్టుకోకండి" అనేవాడు. హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ. దీనికోసం నేను ఏలూరు వదులుకున్నాను.

మేస్టారు వరండాలో ఎదురుపడ్డాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా పక్కకి తిరిగాడు. దారికి అడ్డంగా నిలబడి, "సార్, గ్రూపేదండీ?" అని అడిగాను. నీళ్ళు నమిలి, "ప్రిన్సిపాల్ గారితో మాట్లాడమ్మా" అనేసి గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు నాన్నని తీసుకెళ్ళాను. ప్రిన్సిపాల్ గదిలో నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలు ఉన్నాయి, కూర్చోమన్నవాడు లేడు. బీరువా పక్కన మేస్టారు కూడా నిలబడి ఉన్నాడు, గుమాస్తా ఫైళ్ళు సర్దుతున్నాడు.

"ఏవండీ, మా పిల్ల ఆ చదువు కోసమే వచ్చిందండీ. లేదంటే టి.సి. ఇప్పించండి, ఏలూరులో చేర్పించుకుంటాం," అన్నాడు నాన్న.

"ఇస్తాం. మూడేళ్ళ ఫీజు కట్టండి, ఇప్పుడే ఇస్తాం," అని నవ్వి, ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. "అయినా ఫిలాసఫీ చదివి ఏం చేస్తావమ్మా? గుళ్ళో పురాణం చెబుతావా, కాశీ వెళ్ళిపోతావా?"

"ఉందని మీ మేస్టారే చెప్పారండీ. అడగండి, ఇక్కడే ఉన్నారు," అన్నాను.

అందరం మేస్టారి వైపు చూశాం. ఒక్క మాట. అవునండీ, నేనే చెప్పాను, అంటే చాలు. ఆయన కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూశాడు. న్యాయమంటే ఏమిటో అడగాలమ్మా అన్న నోరు అది! నాన్న ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, "పోనీలెండి, ఏదో పొరపాటు జరిగుంటుంది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. అంటే పొరపాటు మాదీ, ఇబ్బంది వాళ్ళదీనా?

నేను కదలకపోయేసరికి ప్రిన్సిపాల్‌కి విసుగొచ్చింది. "చూడమ్మా, క్లాసుకి సరిపడా పిల్లలుంటే ఎందుకు తీసేస్తాం? యూనివర్సిటీకి జాబితా పంపేలోపు నువ్వే పిల్లల్ని తీసుకురా, గ్రూపు పెడతాం," అన్నాడు. తలనొప్పి వదిలించుకోవడానికి అన్న మాట. నేను మాత్రం, "అలాగేనండీ, తెస్తాను. మీరు మాట మీద ఉండండి," అనేసి బయటికొచ్చాను.

ఇంటికెళ్ళాక మామ్మ మేస్టారిని కడిగేసింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది. కొరమీను ముల్లు గొంతులో అడ్డం పడలేదే వాడికి!" నాన్న మాత్రం "ఊరుకో అమ్మా, పాపం ఆయన ఇబ్బందులేంటో" అన్నాడు. నేను ఆ రాత్రి అన్నం మానేశాను. ఏలూరులో అడ్మిషన్లు అయిపోతున్నాయి, ఇక్కడ కాగితం చిక్కుకుపోయింది. పిల్లల్ని తేలేకపోతే మూడేళ్ళు ఆ పూల గుడ్డలకి దణ్ణం పెట్టాల్సిందే.

అలా నేనూ క్యాన్వాసింగ్ మొదలుపెట్టాను. బి.ఎ.లో చేరినవాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకున్నాను. బస్సులో, లేడీస్ వెయిటింగ్ రూములో, ట్యూషన్ల దగ్గర. మొదటిరోజే ఒక నియమం పెట్టుకున్నాను. అబద్ధం ఆడకూడదు. ఉద్యోగం వస్తుందా అంటే, "రాకపోవచ్చు, నాకు తెలీదు" అనేదాన్ని. మార్కులు బాగా పడతాయా అంటే, "నేనూ ఇంకా చదవలేదుగా" అనేదాన్ని. మా అమ్మ, "అలా చెబితే ఎవరొస్తారే" అంది. వాళ్ళలాగా చెబితే వాళ్ళకీ నాకూ తేడా ఏంటి?

అన్నిటికంటే కష్టమైంది తల్లులతో. ఫిలాసఫీ అంటే వేదాంతమట, అది చదివితే పిల్లలు సన్నాసుల్లో కలిసిపోతారట. "మా వాడికి అసలే సంసారం మీద ధ్యాస తక్కువమ్మా, ఇంకా చెడగొట్టకు" అని ఒకావిడ నాకు దణ్ణం పెట్టింది. నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి చేరతానంది గాని, వాళ్ళ నాన్నని నువ్వే అడగమంది. ఆయనకి గూడెంలో మసీదు పక్కన టైలరు షాపు ఉంది. మిషను ఆపకుండానే, "అది మీ దేవుళ్ళ చదువు కదమ్మా, మా పిల్లకెందుకు?" అన్నాడు.

"దేవుళ్ళ చదువు కాదండీ. ఎవరేం చెప్పినా, ఎందుకని అడగడం నేర్పుతారంట."

ఆయన మిషను ఆపి నవ్వాడు. "మా పిల్లకి అది నేర్పక్కర్లేదమ్మా. ఇంట్లో రోజూ అదే. సరే, అక్కడైనా మార్కులేస్తారేమో, చేరమను."

ఆ పిల్లా నేనూ కలిసి తిరిగాం. ప్రాక్టికల్ రికార్డులు రాసే బాధ లేదని కొందరొచ్చారు. మధ్యాహ్నానికి ఖాళీ అయితే చెరువు పనికి వెళ్ళొచ్చని కొందరొచ్చారు. మా రెండు ఊళ్ళ గొడవ చెబితే, "మా ఇంట్లోనూ ఇదే, ఎవరూ తేల్చరు" అంటూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరి సంతకాలూ తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. ఆయన మింగలేక కక్కలేక చూశాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు అక్కడ గుమాస్తా ఉన్నాడు, నాన్న ఉన్నాడు. గ్రూపు పెట్టక తప్పలేదు.

మొదటి క్లాసుకి మేస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా బెంచీ దగ్గర ఆగి, "నా సబ్జెక్టుని కాపాడావమ్మా, నీ మేలు మర్చిపోను" అన్నాడు. మెచ్చుకుంటున్నాడు! క్షమాపణ లేదు, సిగ్గు లేదు, ఆశీర్వాదం ఒకటి. తర్వాత బోర్డు మీద "నీతిశాస్త్రం" అని రాసి, చేతులు దులుపుకుని, "మీలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగాడు.

నేను లేచాను. "నాకుందండీ. మా ఇంటికొచ్చి టి.సి. తీసుకున్న రోజున, ఈ గ్రూపు లేదని మీకు తెలుసాండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. మిగతావాళ్ళు నవ్వలేదు. తెలీదంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"తెలుసమ్మా," అన్నాడు.

మళ్ళీ ఆయనే, "అడ్మిషన్లు తేకపోతే జీతం ఆపేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ నా ఒక్కడి మీదే ఆధారం. నిజం చెబితే ఎవరొస్తారమ్మా ఈ కాలంలో ఈ చదువుకి? నా స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి, చెప్పు," అన్నాడు. కూటి కోసం కోటి విద్యలంటారు, నిజమే. ఆ మాటలు విని ఒక్క క్షణం నాకూ జాలేసింది. కానీ ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో నిలబడే ఉన్న మా నాన్న కళ్ళముందు కదిలాడు.

"మీ స్థానంలో ఉండే చేశానండీ," అన్నాను. "వీళ్ళెవరికీ నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. ఉద్యోగం రాకపోవచ్చనే చెప్పాను. అయినా వచ్చారండీ. మీ ఎదురుగానే కూర్చున్నారు, చూసుకోండి."