తలకిందుల లింకన్

మా ఊరి నాణేల సంఘం ప్రతి నెలా రెండో మంగళవారం ఫైర్ స్టేషన్ పై గదిలో కూడుతుంది. ఒహాయో మొత్తంలో అంత చప్పటి కాఫీ ఇంకెక్కడా దొరకదు. ఒకసారి అందులో వేసిన చెంచా నీరసించి వంగిపోవడం నేను కళ్లారా చూశాను. అక్కడ ముప్పై ఏళ్లుగా నా పక్క కుర్చీ మెర్ల్ హోస్టెట్లర్‌ది. రేకుల పని చేసి రిటైరైనవాడు. అధ్యక్షుల బొమ్మలున్న బిళ్లలు, పతకాలు పన్నెండు సొరుగుల నిండా పోగేశాడు. ఎన్నికల్లో ఓడినవాళ్లవి కూడా వదల్లేదు.

"గెలిచినోణ్ణి అందరూ దాచుకుంటారు. ఓడినోడికి ఎవరున్నారు?" అనేవాడు.

ఇన్ని ఉన్నా అతనికి కావలసింది ఒక్కటే లేదు. 1860 ఎన్నికల్లో వాళ్ల ముత్తాత కోటుకు కట్టుకుని ఊరేగిన లింకన్ రాగి బిళ్ల. అప్పట్లో అలాంటి బిళ్లలకు బెజ్జం వేసి దారం కట్టుకునేవారు. అందరూ బొమ్మ తలకు పైన బెజ్జం వేస్తే, ముత్తాత మాత్రం మెడ కింద వేశాడు. చూసేవాళ్లకు లింకన్ తలకిందులుగా వేలాడేవాడు. ముత్తాత తల వంచి చూసుకుంటే నిటారుగా కనిపించేవాడు. "ఓటేసేది నేను, బొమ్మ నాకు కనపడాలి" అన్నాడట.

తల్లి పోయాక ఆ బిళ్ల తమ్ముడు లీలండ్ దగ్గర ఉండిపోయింది. అమ్మ నాకిస్తానందని మెర్ల్, నాకే ఇచ్చిందని లీలండ్. ఆరు వీధుల దూరంలో ఉంటూ పంతొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు.

మార్చిలో లీలండ్ కూతురు ఫోన్ చేసింది. "పెదనాన్నా, నాన్న నిన్ను చూడాలంటున్నాడు. ఎక్కువ రోజుల్లేవు."

మెర్ల్ ఒంటరిగా వెళ్లలేక నన్ను లాక్కెళ్లాడు. "నాకు మాట రాకపోతే నువ్వేదో ఒక అబద్ధం చెప్పి నడిపించు. నీకేం కొత్తా?"

"నన్‌ల బడిలో నాకు ఒంటబట్టింది అదొక్కటే" అన్నాను.

లీలండ్ మంచంలో సగమైపోయి ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం.

"ఏం అన్నా, గుండు బాగా మెరుస్తోందే!"

"నీకంటే నయంలేరా. నీకు మెరవడానిక్కూడా ఏం మిగల్లేదు."

ఇద్దరూ నవ్వారు. లీలండ్ దిండు కింది నుంచి చిన్న మఖమలు పెట్టె తీశాడు. "ఇది నీదే. అమ్మ నీకిస్తానన్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నా."

మెర్ల్ పెట్టె తెరిచాడు. బిళ్లను ఒకసారి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. లింకన్ మెడ కింద రాగి నున్నగా ఉంది.

"బెజ్జం ఉంటే విలువ లేదని మీ సంఘం వాళ్లు ఎగతాళి చేసేవాళ్లుగా? సిన్సినాటిలో ఒక కంసాలితో పూడ్పించా. రెండు నెలలు తన చుట్టూ తిప్పుకున్నాడు. ఎక్కడుండేదో కనుక్కో చూద్దాం!"

మెర్ల్ బొటనవేలు ఆ నున్నటి చోటు మీదే ఆగిపోయింది. నేను నోరు తెరిచాను. జన్మంతా అబద్ధాలాడినవాణ్ణి, ఒక్కటీ అందలేదు.

"చెడగొట్టానా అన్నా?"

"లేదురా. బాగుంది. చాలా బాగుంది."

అప్పటికే ఆలస్యమైంది. లీలండ్ అన్న ముఖం చూడటం లేదు, బొటనవేలు చూస్తున్నాడు. కాసేపటికి కూతురితో "కర్టెన్ వెయ్యమ్మా, వెలుగు కళ్లలో పడుతోంది" అన్నాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేము అరగంట కూర్చుని వచ్చేశాం. శుక్రవారం లీలండ్ పోయాడు.

తర్వాతి నెల సంఘంలో మెర్ల్ ఆ బిళ్లను బల్ల మీద పెట్టాడు. కార్యదర్శి భూతద్దంతో చూసి, "పనోడు గట్టోడే. కానీ బెజ్జంతోనే ఉంటే నయం. పూడ్పించినోడెవడో గానీ దీన్ని పాడుచేశాడు" అన్నాడు.

"మా తమ్ముడు" అన్నాడు మెర్ల్, బిళ్ల జేబులో వేసుకుంటూ.

మెట్లు దిగుతుంటే అడిగాను. "మళ్లీ బెజ్జం వేయిద్దామా?"

మెట్ల కమ్మీ పట్టుకుని ఆగాడు.

"రెండు నెలలు తిరిగాడు నా కోసం" అన్నాడు. "ఆ మాట వాడితో అనాల్సింది."