మా అత్త మోకాలికి నేను చేసిన వైద్యం

సగం పాఠం విన్నవాడు ఊళ్లో పడితే ఏమవుతుందో మీకు తెలియకపోతే, గోపాల్‌పేటలో ఎవరినైనా అడగండి. వాళ్లు నా పేరు చెబుతారు. ఒక్క వానాకాలంలో మేకకాళ్లకు కరువు తెచ్చి, మా మేనత్త మోకాలిని తుప్పుపట్టిన గడియలా బిగించిన ఘనత నాది.

అప్పుడు నేను వనపర్తిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక శనివారం మా లెక్చరర్ ఎక్స్‌ట్రా సెల్యులార్ మాట్రిక్స్ అనే పాఠం మొదలుపెట్టారు. ఒంట్లో కణాలు ఇటుకలనుకుంటే, వాటి మధ్య సిమెంటులా ఉండి అన్నిటినీ పట్టి ఉంచే పదార్థం అది. చర్మం సాగినా, ఎముక నిలిచినా దాని చలవే. అతిగా పేరుకుంటే కాలేయం గట్టిపడుతుంది, అరిగితే కీళ్లు నొస్తాయి. అందులో ముఖ్యమైన దారం పేరు కొల్లాజెన్. ఇంతవరకూ విని, ఊరి బస్సుకు టైమైందని వెనక బెంచీ నుంచి జారుకున్నాను. మిగతా సగం మా అత్త మోకాలు నేర్పింది.

మా అత్త సుందరమ్మ నాట్ల కూలీల గుంపుకు పెద్ద. ఆమె మడిలో దిగితేనే మిగతా ఆడవాళ్లు దిగుతారు. ఆ ఏడు ఆమెకు మోకాలి నొప్పి పట్టుకుంది. వనపర్తి డాక్టరమ్మ చూసి, గుజ్జు అరుగుతోందని చెప్పి, రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తమంది, మెల్లగా నడవమంది. నేను ఇల్లు చేరేసరికి అత్త బడిపిల్లంత బుద్ధిగా కాలు ఎత్తుతూ దించుతూ ఉంది.

"ఏం చేస్తున్నవత్తా?"

"కసరత్తు అల్లుడా. డాక్టరమ్మ చెప్పింది."

"అరిగినదాన్ని ఇంక అరగదీస్తరా ఎవరన్న? కాలు కదపకు. మంచిగ పాయ తాగు. మేకకాళ్లల్ల కొల్లాజెన్ ఉంటది. సీదా మోకాలికి పోయి అతుక్కుంటది."

"కడుపులకెళ్లి మోకాలికి తొవ్వ దానికెట్ల తెలుస్తది?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి. అది నాకు తట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. నేను మాత్రం గొంతు సవరించుకుని, "గది సైన్సత్తా, చెప్తే సమజ్ కాదు" అన్నాను.

తెల్లారి గిన్నెలో మిగిలిన పాయ గడ్డకట్టింది. చెంచాతో తడితే కొత్త పెళ్లికొడుకులా వణికింది. "నీ మోకాల్ల కావల్సింది గిదే" అని వీధి ఆడవాళ్లందరినీ పిలిచి చూపించాను. కొద్దిరోజుల్లోనే మాంసం కొట్టు ఖాజాభాయి నన్ను దారిలో ఆపాడు.

"సారూ, మీరేం చెప్పిన్రో గని, కాళ్ల కోసం ఆడోళ్లు నా దుకాణంల కొట్లాడుతున్నరు. మేకకు నాలుగే ఉంటయ్. నేనేం చెయ్యాలె?"

అందులో 'సారూ' తప్ప నాకింకేమీ వినబడలేదు.

నాట్లు దగ్గరపడ్డాయి. అన్నాళ్లూ మంచం దిగని అత్త ఒకనాడు లేవబోతే మోకాలు వంగనంది. గుంపు ఆడవాళ్లు పరేషాన్‌గా గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్లకు గట్టిగా పని దొరికేది నాట్లప్పుడే. ఆలస్యమైతే రైతు వేరే గుంపును పిలుస్తాడు. అత్తను ఆటోలో కూర్చోబెట్టి వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసింది. "కసరత్తు ఎందుకు బంద్ చేసినవమ్మా?"

"మా అల్లుడు వద్దన్నడు మేడం. కాలేజీల గిదే చదువుతుండు" అంటూ అత్త గర్వంగా నన్ను ముందుకు నెట్టింది.

నేను గోడమీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగాను.

"చూడు బాబూ," అంది డాక్టరమ్మ. "తాగిన పాయ కడుపుల అరిగి చిన్న చిన్న ముక్కలైతది. అవి మోకాలిని వెతుక్కుంటూ పోవు. ఇంకొకటి, ఆ గుజ్జుల రక్తనాళాలు ఉండవు. నడుస్తే స్పాంజి లెక్క నొక్కుకుంటది, కాలు లేపితే చుట్టూ ఉన్న ద్రవం పీల్చుకుంటది. అదే దాని తిండి. నువ్వు అత్తకు పాయ పోసి, మోకాలిని పస్తుంచినవ్. గిది మీ పాఠంల లేదా?"

"రెండో సగంల ఉండొచ్చు మేడం."

"మల్ల వంగుతదా మేడం?" అని అడిగింది అత్త. అప్పుడు మొదటిసారి ఆమె గొంతులో భయం వినిపించింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"వంగుతది. రోజూ కసరత్తు చెయ్యి. ఈసారికి మాత్రం నాట్లకు దిగకు."

"ఫికర్ లేదు. నా జాగల మా అల్లుడు దిగుతడు."

అట్లా నేను మడిలో దిగాను. అత్త గట్టుమీద కుర్చీ వేయించుకుని, కాలు ఎత్తుతూ దించుతూ మా అందరికీ హుకుంలు జారీ చేసింది. గుంపు చెదరలేదు, పని పోలేదు. నేను వేసిన సాలు మాత్రం కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయే మనిషిలా వంకర్లు తిరిగింది. కలుపుతీతల నాటికి అత్త మోకాలు వంగింది. అంతవరకూ నా నడుము నిలబడలేదు.

నాట్ల మొదటిరోజే నా పక్కన నారు పెడుతున్న బాలమ్మ దీనంగా అడిగింది. "సారూ, నాకు నడుము గుంజుతుంది. ఏం తింటే తగ్గుతది?"

నేను బురదలోనే నిటారుగా నిలబడి, గొంతు సవరించుకున్నాను. "నడుము అంటే ఏందంటే బాలమ్మా..."

గట్టుమీంచి అత్త గొంతు వినబడింది. "అల్లుడా, నోరు బంద్ పెట్టి నారు పెట్టు."

కాబట్టి ఆ బురద సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: నా ఎదుట ఎవరి ఒంట్లో ఏ కీలు కిర్రుమన్నా, వాళ్లను వనపర్తి బస్సెక్కించడం తప్ప ఈ జన్మలో మరో వైద్యం చేయను.